బయోస్ చిప్పు లేని పాత మదర్‌బోర్డుకు కొత్త చిప్పు వేయడం ఎలా?

సెకండ్ హ్యాండ్‌లో ఒక మదర్‌బోర్డు తెచ్చారు. పవర్ ఇస్తే ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. ర్యామ్ తీసి రుద్ది పెట్టారు, వేరే పవర్ సప్లై తగిలించి చూశారు, అయినా అంతే. ఇంకేదైనా మార్చే ముందు టార్చ్ వేసి హార్డ్ డిస్క్ కేబుల్ తగిలించే సాటా పోర్టుల పక్కన, బ్యాటరీ చుట్టుపక్కల, బోర్డు అంచుల్లో ఒకసారి చూడండి. ఎనిమిది కన్నాల బుల్లి సాకెట్ ఒకటి ఖాళీగా కనిపిస్తే జబ్బు దొరికినట్టే. అక్కడ ఉండాల్సిన బయోస్ చిప్పును, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్ ఫైలు ఉండే చిప్పును, ఎవరో పీక్కుపోయారు.

ఇందులో వింతేమీ లేదు. ఒక బోర్డును బతికించడానికి మరో బోర్డు చిప్పు తీయడం రిపేర్ పనిలో మామూలే. ఆ తర్వాత ఖాళీ బోర్డు ఓ మూల పడి ఉండి, ఎప్పుడో పాత సామాన్లతో కలిసి మీ చేతికొస్తుంది.

శ్రీకాకుళంలో దీన్ని పట్టుకుని షాపుకు వెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: "చిప్పు ఏటి బావూ, బోర్డే మార్చీ." వాళ్ల లెక్క వాళ్లది. సరైన చిప్పు, సరైన ఫైలు వెతకడానికి పట్టే టైముకు కూలి గిట్టదు. మీ టైముకు మీరే యజమాని కాబట్టి మీకు గిట్టొచ్చు. చిప్పు, దానిలో ఫైలు రాసే యూఎస్‌బీ ప్రోగ్రామర్ రెండూ కొన్ని వందల రూపాయల్లో వస్తాయి.

అలాగని ప్రతి బోర్డుకూ ఈ కష్టం అక్కర్లేదు. ఇంటెల్ రెండో, మూడో తరం ప్రాసెసర్ల నాటి హెచ్61, బీ75 లాంటి బోర్డు అయితే తప్పకుండా చేయండి. ఐ3 ప్రాసెసర్, ఒక ఎస్‌ఎస్‌డీ పెడితే కిరాణా షాపు బిల్లింగ్‌కీ, పిల్లల టైపింగ్‌కీ ఇప్పటికీ సరిపోతుంది. పెంటియం 4 బోర్డు అయితే ఇంట్లో వాడకానికి వద్దనే చెబుతాను. కానీ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలోనో, రైస్ మిల్లు గేటు దగ్గర వేబ్రిడ్జి గదిలోనో విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే పాత సాఫ్ట్‌వేర్, సీరియల్ పోర్టుకు తగిలించిన కాటా, ప్యారలల్ పోర్టు మీద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉంటే కథ వేరు. అక్కడ కొత్త కంప్యూటర్ అంటే సాఫ్ట్‌వేర్ దగ్గర్నుంచి అన్నీ మార్చాలి. చిప్పు వేయడమే చవక.

ఒక సంగతి ముందే అర్థం చేసుకోవాలి. చిప్పు పాడైన బోర్డుకూ, చిప్పే లేని బోర్డుకూ చాలా తేడా ఉంది. పాడైన చిప్పు మీద నంబరైనా చదవొచ్చు, లోపల మిగిలింది కాపీ తీసుకోవచ్చు. మీ దగ్గర ఆ ఆధారమేదీ లేదు. ఏ చిప్పు ఉండేది, దానిలో ఏ ఫైలు ఉండేది అన్నవి రెండూ బయటి నుంచి తేల్చుకోవాలి. అసలు పని అదే. చిప్పు గుచ్చడం నిమిషాల పని.

నిజంగానే లేదా?

బోర్డుకు చిన్న స్పీకర్ తగిలించి, ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి. బయోస్ బతికి ఉంటే ర్యామ్ లేదని బీప్ కొట్టి గోల చేస్తుంది. ఖాళీ సాకెట్ ఉన్న బోర్డు చడీచప్పుడూ లేకుండా ఉంటుంది.

సాకెట్ లేకుండా చిప్పును నేరుగా సోల్డర్ చేసిన బోర్డుల దగ్గర కాస్త జాగ్రత్త. ఎనిమిది మెరిసే చుక్కలు ఖాళీగా కనిపించినంత మాత్రాన చిప్పు పోయిందనుకోకండి. ఫ్యాక్టరీలోనే కొన్ని చోట్లు ఖాళీగా వదిలేస్తారు. గిగాబైట్ డ్యూయల్ బయోస్ బోర్డుల్లో మెయిన్, బ్యాకప్ అని రెండు చిప్పులుంటాయి. బోర్డు మీద మరోచోట 25తో మొదలయ్యే నంబరున్న ఎనిమిది కాళ్ల చిప్పు ఉంటే, బయోస్ అదే కావచ్చు. ఖాళీ చోట సోల్డర్ పూసి, గీసి, ఎవరో తీసిన గుర్తులుంటేనే అనుమానించండి.

సాకెట్ చూసి రకం తెలుసుకోండి

ఎనిమిది కన్నాలు, రెండు వరుసల్లో నాలుగేసి ఉంటే అది ఎస్‌పీఐ చిప్పు. హెచ్61 తరం ఆసుస్ బోర్డుల్లో ఎక్కువగా ఇదే. అన్నిటికంటే సులువైంది కూడా ఇదే కాబట్టి ఈ వ్యాసం ప్రధానంగా దీని గురించే.

దీర్ఘచతురస్రంగా, నాలుగు వైపులా కాళ్లుండి ఒక మూల కోసినట్టున్న సాకెట్ అయితే అది 32 కాళ్ల పీఎల్‌సీసీ. పెంటియం 4 రోజుల నాటిది. ఇందులో చూడ్డానికి ఒకేలా ఉండే రెండు జాతులున్నాయి, ఎఫ్‌డబ్ల్యూహెచ్, ఎల్‌పీసీ అని. ఇంటెల్ 865, 915 లాంటి చిప్‌సెట్లకు (బోర్డు మీది ప్రధాన చిప్పులకు) మొదటిది, వయా, సిస్ కంపెనీల చిప్‌సెట్లకు ఎక్కువగా రెండోది. విన్‌బాండ్ అనే చిప్పుల కంపెనీ వాళ్ల 39వీ040ఎఫ్‌ఏ ఎఫ్‌డబ్ల్యూహెచ్, 39వీ040ఏ ఎల్‌పీసీ. మధ్యలో ఒక్క ఎఫ్ తేడా, బోర్డు లేవడానికీ లేవకపోవడానికీ అంతే తేడా. పైగా చవక యూఎస్‌బీ ప్రోగ్రామర్ వీటిని రాయలేదు. ఈ రకానికి ఫైలు రాసి పంపే ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర కొనుక్కోవడమే నా సలహా. పదహారేసి కాళ్ల రెండు వరుసల పొడుగాటి సాకెట్ ఇంకా పాతది, 1990ల నాటిది. దానికీ ఇదే మాట.

సాకెట్ లేకుండా సోల్డర్ చేసే రకమైతే ఫైలు మీరు రాసుకోండి, అతికించడానికి మొబైల్ రిపేర్ షాపుకు వెళ్లండి. ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల మొబైల్ షాపులకు కొదవ లేదు. హాట్ ఎయిర్ గన్‌తో రోజూ ఇంతకంటే చిన్న చిప్పులు మార్చే చేతులు వాళ్లవి.

చిప్పు సైజు తేల్చడం

బోర్డు పేరు పూర్తిగా రాసుకోండి. విస్తరణ స్లాట్ల మధ్యనో, ప్రాసెసర్ కిందనో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. "హెచ్61 బోర్డు" అంటే చాలదు. ఆసుస్‌లోనే పీ8హెచ్61-ఎం ఎల్‌ఎక్స్, ఎల్‌ఎక్స్2, ఎల్‌ఎక్స్3 అని అన్నదమ్ముల్లా వరసగా ఉన్నాయి. ఒకదాని ఫైలు మరోదానికి నప్పుతుందని నమ్మొద్దు. పేరు పక్కన రివిజన్ నంబరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ రాసుకోండి. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే కళ్లకు శ్రమ ఉండదు.

ఇప్పుడు కంపెనీ వెబ్‌సైట్లో ఆ బోర్డు మాన్యువల్ తెరిచి, స్పెసిఫికేషన్లలో బయోస్ అనే వరుస చూడండి. 32 ఎంబీ ఫ్లాష్ రోమ్ అనో, 64 ఎంబీ అనో ఉంటుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అది మెగాబైట్లు కాదు, మెగాబిట్లు. ఎనిమిదితో భాగించాలి. 32 మెగాబిట్ల చిప్పులో పట్టేది 4 మెగాబైట్లు, 64 అయితే 8 మెగాబైట్లు. చిప్పు నంబరులో కూడా బిట్ల లెక్కే ఉంటుంది: 25క్యూ32, 25క్యూ64.

దీన్ని ఇంకో దారిలో సరిచూసుకోండి. అదే బోర్డును అమ్మకానికి పెట్టిన ఫొటోలు నెట్లో బోలెడు దొరుకుతాయి. పెద్ద ఫొటో ఉంటే చిప్పు మీది నంబరు చదవొచ్చు. విన్‌బాండ్ చిప్పు అయితే చివరి అక్షరాలు కూడా చూడండి. 25క్యూ32బీవీఏఐజీ అని ఉంటే సాకెట్‌లో గుచ్చే పొడుగు కాళ్ల రకం. ఏఐజీ బదులు ఎస్‌ఎస్‌ఐజీ అంటే సోల్డర్ చేసే పొట్టి రకం. ఆర్డర్ పెట్టేటప్పుడు ఈ అక్షరాలు తప్పితే, వచ్చిన చిప్పు సాకెట్‌లో దిగదు.

"64 వేస్తే 32 పని చేయదా, పెద్దదే కదా" అని అడుగుతారు. వద్దు. ప్రాసెసర్‌కు కరెంటు తగలగానే అది మొదటి ఆదేశం కోసం చూసేది 4 జీబీ హద్దుకు 16 బైట్ల కింద. చిప్పు చివరి భాగం సరిగ్గా ఆ చోటికి వచ్చేలా బోర్డు అమర్చుకుంటుంది. చిన్న ఫైలును పెద్ద చిప్పు మొదట్లో రాస్తే, చివర్లో ఖాళీ తప్ప ఏమీ ఉండదు. దీనికి చిట్కాలు ఉన్నాయి గానీ, అదే సైజు చిప్పు దొరుకుతున్నప్పుడు వాటి జోలికి పోవడం ఎందుకు?

కొత్త చిప్పే కావాలని లేదు. కాలిపోయిన మరో బోర్డు మీద అదే సైజు చిప్పు ఉంటే చెరిపి వాడుకోవచ్చు. శ్రీకాకుళంలో దొరక్కపోతే విశాఖలో అడగండి, హైదరాబాద్ వెళ్లే వాళ్లుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో కనుక్కోమనండి. లేదంటే ఆన్‌లైనే.

ఫైలు

కంపెనీ సపోర్ట్ పేజీలో మీ బోర్డు సరికొత్త బయోస్ దించుకోండి. సరికొత్తది ఎందుకంటే, హెచ్61 బోర్డుల్లో మొదట వచ్చిన బయోస్‌లకు మూడో తరం ప్రాసెసర్లు తెలియవు. పాత ఫైలు రాసి, మూడో తరం ఐ3 పెట్టి, బోర్డు లేవలేదని తల పట్టుకుంటే లాభం లేదు.

ఫైలు సైజు బైట్లలో చూడండి. 32 మెగాబిట్ల చిప్పుకు అది సరిగ్గా 41,94,304 ఉండాలి. ఆసుస్ వాళ్ల క్యాప్ (.CAP) ఫైలు అయితే 41,96,352 చూపిస్తుంది. ఆ అదనపు 2,048 బైట్లు ముందున్న హెడర్, అప్‌డేట్ ప్రోగ్రామ్ కోసం పెట్టింది. చిప్పుకు అది అక్కర్లేదు. ఫైలులోని బైట్లను నేరుగా చూపించి మార్చనిచ్చే హెక్స్ ఎడిటర్లో మొదటి 2,048 బైట్లు ఎంచుకుని తొలగించి, వేరే పేరుతో సేవ్ చేయండి. హెడర్‌తో సహా రాయబోతే ఫైలు చిప్పులో పట్టదు, బలవంతంగా కుదించి రాస్తే లోపల ప్రతిదీ చోటు తప్పుతుంది.

ఇంటెల్ బోర్డుల్లో ఇంకో పరీక్ష ఉంది. హెక్స్ ఎడిటర్లో రెండో వరుస మొదట్లో 5ఏ ఏ5 ఎఫ్0 0ఎఫ్ అని కనిపిస్తే ఫైలు సంపూర్ణంగా ఉందనడానికి మంచి గుర్తు. బయోస్‌తో పాటు ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజన్ భాగం, వాటి హద్దులు చెప్పే పట్టీ కూడా అందులో ఉంటాయి. ఫైలు చిప్పు కంటే బాగా చిన్నగా ఉంటే అది కేవలం బయోస్ ముక్క. ఖాళీ చిప్పుకు ముక్క చాలదు. హెచ్‌పీ, డెల్, లెనోవో బోర్డులకు తరచూ వచ్చే తలనొప్పి ఇదే. అలాంటప్పుడు అదే మోడల్ పనిచేసే బోర్డు నుంచి తీసిన పూర్తి కాపీ సంపాదించాలి, లేదా ఫైలు రాసి ఉన్న చిప్పు కొనాలి.

రాయడం

సీహెచ్341ఏ అనే యూఎస్‌బీ ప్రోగ్రామర్ అందరూ వాడేదే. నల్ల రంగు పాత రకంలో ఒక లోపం బాగా తెలిసిందే: చిప్పుకు ఇచ్చే పవర్ 3.3 వోల్టులే అయినా, డేటా తీగల మీద 5 వోల్టులు వస్తాయి. కొనేటప్పుడే వోల్టేజ్ మార్చే స్విచ్ ఉన్న రకం చూసుకోండి.

ప్రోగ్రామర్ మీద రెండు పిన్నులను కలిపే చిన్న మూత, అంటే జంపర్, 1-2 మీద ఉండాలి. పచ్చ సాకెట్ మీట ఎత్తి, 25 అని గుర్తున్న వైపు చిప్పు పెట్టండి, 24 వైపు కాదు. చిప్పు మీద చుక్క గానీ, ఒక చివర చిన్న గాడి గానీ ఉంటుంది, అదే ఒకటో కాలు వైపు. ప్రోగ్రామర్ మీది బొమ్మతో కలిపి చూసి, మీట దించాక యూఎస్‌బీలో పెట్టండి.

సాఫ్ట్‌వేర్‌లో ముందు చిప్పును గుర్తించమనండి. విన్‌బాండ్ 25క్యూ32 అయితే ఈఎఫ్ 40 16 అని గుర్తింపు వస్తుంది, 25క్యూ64 అయితే చివర 17. అన్నీ ఎఫ్‌లో, అన్నీ సున్నాలో వస్తే చిప్పు సరిగ్గా కూర్చోలేదు. తీసి మళ్లీ పెట్టండి. పాత చిప్పు అయితే అందులో ఉన్నది ఒక కాపీ దాచుకుని, ఆ తర్వాతే చెరపండి. చెరిపాక ఖాళీయేనా అని చూసి, ఫైలు తెరిచి రాయండి. రాసింది ఫైలుతో పోల్చి చూసే వెరిఫై మెట్టు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు. మధ్యలో కరెంటు పోయినా టెన్షన్ పడక్కర్లేదు. బోర్డు మీదే అప్‌డేట్ చేస్తూ కరెంటు పోతేనే ముప్పు. ఇక్కడ మళ్లీ చెరిపి మళ్లీ రాస్తే సరి.

గుచ్చడం

పవర్ కేబుల్ గోడ నుంచి పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు. కేబుల్ తీశాక పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. బోర్డు మీది బ్యాటరీ కూడా తీసేయండి.

సాకెట్ లోపల చూడండి. బారువ, కళింగపట్నం లాంటి తీరం ఊళ్లలో వాడిన బోర్డు అయితే ఉప్పుగాలికి కన్నాల్లో పచ్చటి చిలుము పట్టి ఉండొచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

కొత్త చిప్పు కాళ్లు నిటారుగా ఉండవు, కాస్త బయటికి వాలి ఉంటాయి. అలాగే నొక్కితే ఒక కాలు కన్నంలోకి పోకుండా చిప్పు కిందికి మడత పడుతుంది. పైనుంచి చూస్తే అంతా బాగానే దిగినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు చిప్పును పక్కకు పట్టుకుని, ఒక వరుస కాళ్లను బల్లకు ఆనించి, చిప్పు ఒంటిని మెల్లగా వంచండి. నాలుగు కాళ్లూ ఒకేసారి సమంగా వస్తాయి. రెండో వరుసకూ అదే పని.

తర్వాత దిక్కు. సాకెట్ గాడి, బోర్డు మీద గీసిన బొమ్మలో గాడి, చిప్పు గాడి మూడూ ఒకే వైపు ఉండాలి. సాకెట్‌ను ఎవరైనా మార్చి తిరగేసి అతికించి ఉంటే సాకెట్ గాడి అబద్ధం చెబుతుంది. మల్టీమీటర్ ఉంటే తేల్చేయొచ్చు. ఈ చిప్పుల్లో నాలుగో కాలు గ్రౌండ్, ఎనిమిదోది పవర్. మీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక ముల్లు బోర్డు స్క్రూ కన్నం చుట్టూ ఉన్న లోహానికి, మరో ముల్లు సాకెట్ మూల కన్నాలకు తగిలించండి. నాలుగో కన్నం దగ్గర బీప్ రావాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, చిప్పును తిరగేసి పెడితే సరిగ్గా గ్రౌండ్ చోటికి పవర్, పవర్ చోటికి గ్రౌండ్ వస్తాయి. ఆన్ చేయగానే చిప్పు వేలు పెట్టలేనంత కాలుతుంది.

దిక్కు కుదిరాక ఎనిమిది కాళ్లూ కన్నాల మీద నిలిచాయో లేదో చూసి, బొటనవేలితో సమంగా నొక్కండి. పక్క నుంచి టార్చ్ వేసి ప్రతి కాలూ కన్నంలోనే ఉందో లేదో చూడండి.

మొదటిసారి ఆన్ చేయడం

ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్, మానిటర్, కీబోర్డు మాత్రమే ఉంచండి. హార్డ్ డిస్క్ ఇప్పుడే వద్దు. కొత్త సీఆర్2032 బ్యాటరీ వేయండి. ఆ 3 వోల్టుల బిళ్ల కిరాణా షాపుల్లో కూడా దొరుకుతుంది. పాత సెట్టింగులు చెరిపే క్లియర్ సీమాస్ జంపర్‌ను కాసేపు మార్చి మళ్లీ యథాస్థానంలో పెట్టి ఆన్ చేయండి.

మొదటిసారి ఆలస్యం అవుతుంది, బోర్డు తనంతట తానే ఆగి మళ్లీ లేవొచ్చు కూడా. కంగారుపడి స్విచ్ ఆపకండి. సెట్టింగులు పోయాయి, ఎఫ్1 నొక్కమని తెర మీద వస్తే పని అయినట్టే.

ఏమీ రాకపోతే ప్రాసెసర్ పక్కనున్న నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్ పెట్టారో లేదో ముందు చూడండి. తర్వాత ర్యామ్ తీసి ఆన్ చేయండి. ఇప్పుడు బీప్ వస్తే చిప్పు పని చేస్తోంది, తప్పు ర్యామ్‌లోనో, స్లాట్‌లోనో వెతకాలి. బీప్ లేకపోతే చిప్పు తీసి ప్రోగ్రామర్‌లో పెట్టి మళ్లీ వెరిఫై చేయండి. అక్కడ సరిపోయి, రెండో తరం ప్రాసెసర్‌తో కూడా నోరు మెదపకపోతే బోర్డులోనే వేరే జబ్బు ఉంది. ఆ చిప్పు ఎవరు, ఎందుకు తీశారో ఆలోచించండి. ఎలాగూ చచ్చిన బోర్డే కదా అని తీసి ఉండొచ్చు. ఇక అక్కడితో ఆపేయడం మంచిది.

బోర్డు లేచిందా, తేదీ, టైము పెట్టండి. పాత హార్డ్ డిస్క్ అలాగే వాడేటట్టయితే తగిలించే ముందు బయోస్ సెట్టింగుల్లో సాటా మోడ్, అంటే డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి, చూడండి. ఎక్స్‌పీ మామూలుగా ఐడీఈ మోడ్‌లో ఎక్కించి ఉంటుంది. కొత్త బయోస్ ఏహెచ్‌సీఐ మీద ఉంటే విండోస్ మొదలవుతూనే 7బీ నంబరుతో నీలం తెర పడుతుంది. డిస్క్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టకండి, మోడ్ మార్చండి చాలు.

వేబ్రిడ్జి కంప్యూటర్ అయితే సీరియల్ పోర్టు 3ఎఫ్8 అడ్రస్, ఐఆర్‌క్యూ 4 మీద, ప్రింటర్ పోర్టు 378 అడ్రస్ మీద ఉన్నాయో లేదో చూడండి. పాత సాఫ్ట్‌వేర్ సాధారణంగా అక్కడే వెతుక్కుంటుంది. కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెడితే, రాత్రి డ్యూటీ వాళ్లు ఫోన్ చేసి లేపరు.

చివరగా నెట్‌వర్క్. కొన్ని బోర్డుల్లో లాన్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఈ కంప్యూటర్‌ను గుర్తించే నంబరు) కూడా ఈ చిప్పులోనే ఉంటుంది. వెబ్‌సైట్ ఫైలు రాశాక మ్యాక్ 88-88-88-88-87-88 అని కనిపిస్తే అది పూరించని చోటు. ఇంట్లో ఒక్క కంప్యూటర్‌కే అయితే నడిచిపోతుంది. స్కూల్ ల్యాబ్‌లో ఇలాంటివి రెండు బోర్డులు ఒకే స్విచ్‌కు తగిలిస్తే రెండూ నెట్ వచ్చిపోతూ ఏడిపిస్తాయి. అసలు నంబరు బోర్డు మీది బార్‌కోడ్ స్టిక్కర్ మీద ఉంటే అదే, లేకపోతే ఒక్కోదానికి వేర్వేరు నంబరు, విండోస్ డివైస్ మేనేజర్‌లో లాన్ కార్డ్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో నెట్‌వర్క్ అడ్రస్ దగ్గర ఇవ్వండి. మీరే నంబరు కల్పించేటట్టయితే 02తో మొదలుపెట్టండి.